బహద్దూర్ గారి పటం: తీసేసిన రంగు, ఉంచేసిన రంగు

పాత పటాలను బాగు చేయడం నా పని. ఈ పటంలో, అది పూర్తయ్యాక ఎప్పుడో చేరిన రంగు రెండు చోట్ల ఉంది. ఒకచోట దాన్ని తీసేశాను, ఇంకోచోట ఉంచేశాను. రెండూ తర్వాత చేరినవే కదా, మరి ఒకదానికో న్యాయం, ఇంకొకదానికో న్యాయం ఏమిటని ఇదే పనిలో ఉన్న తోటివాళ్లు అడిగారు. రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదు కాబట్టి కేసు మొత్తం రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది, పేర్లు మాత్రం వద్దన్నారు.

పటం ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగువారి ఇంట్లోది. పట్టు మగ్గాల వీధులకు దగ్గరి ఇల్లు. ఆ చుట్టుపక్కల "బహద్దూర్ గారి ఇల్లు" అంటే చాలు, దారి చూపిస్తారు. ఆ బహద్దూర్ గారే పటంలో నిలబడ్డ మనిషి. మద్రాసు సైన్యంలో సుబేదారు. ఎర్రకోటు, నడుముకు పట్టీ, కత్తి పిడి మీద ఎడమ చేయి. పక్కన కుర్చీలో భార్య, ముక్కుకు నత్తు, మెడలో కాసులపేరు, మెట్లుమెట్లుగా నేసే కుంభం అంచు పట్టుచీర. ఆ అంచులోని ఒక్కో మెట్టునూ చిత్రకారుడు ఎంత ఓపిగ్గా వేశాడంటే, బరంపురం చీర చూసినవాళ్లెవరైనా గుర్తుపడతారు. ముందు వరసలో జరీ టోపీలతో ఇద్దరు మగపిల్లలు, తల్లి మోకాలికి ఆనుకుని ఒక ఆడపిల్ల. కాన్వాసు మీద ఆయిల్ రంగులు. ఎత్తు ఐదడుగులకు కాస్త తక్కువ, వెడల్పు సుమారు నాలుగడుగులు. సంతకం లేదు.

ఇలాంటివి ఎందుకు అరుదో కొంచెం చెప్పాలి. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. బరంపురంలో కంటోన్మెంటు ఉండేది, ఇప్పుడు భంజనగర్ అంటున్న రసెల్‌కొండలోనూ ఉండేది. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్లు తరతరాలుగా సిపాయిలుగా చేరారు. జమేదారు, సుబేదారు, సుబేదారు మేజర్, అక్కడికి మనవాళ్ల మెట్లు అయిపోయేవి. ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన సుబేదారైనా నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల లెఫ్టినెంటుకు సెల్యూట్ కొట్టాల్సిందే. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయిల మీద మంచి అభిప్రాయం లేదు. యుద్ధానికి పనికొచ్చే జాతులు, పనికిరాని జాతులు అంటూ లెక్కలు మొదలయ్యాక తెలుగువాళ్లకు సైన్యం తలుపులు మెల్లగా మూసుకుపోయాయి. జమీందార్ల ఆయిల్ పటాలు ఈ ప్రాంతంలో చాలానే కనిపిస్తాయి. జీతం మీద, పింఛను మీద బతికిన సుబేదారు భార్యాపిల్లలతో కలిసి ఇంత పెద్ద పటం వేయించుకోవడం నా అనుభవంలో ఇదొక్కటే. ఫోటో తీయించుకుంటే ఎంతో చవకలో అయిపోయేది. ఆయన అలా సరిపెట్టుకోలేదు.

నా దగ్గరికి వచ్చేనాటికి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఈ ఇంటి పెంకులు లేచిపోయి, పటం ఉన్న గోడ వెంట తెల్లార్లూ నీళ్లు కారాయి. మర్నాడు ఎండ రాగానే పటాన్ని పెరట్లో ఆరబెట్టారు. బట్టలు తడిస్తే ఎండలో వేస్తాం కదా, అదే ఆలోచన. అసలు నష్టం అక్కడే జరిగింది. తడిసిన కాన్వాసు ముడుచుకుంటుంది. దాని మీది రంగు పొర ఏళ్ల తరబడి గట్టిపడి ఉంది కాబట్టి దాంతోపాటు ముడుచుకోలేదు, చోటు చాలక పైకి లేచింది. ఆపైన ఎండవేడికి లేచినచోటే పెళుసుబారింది. అడుగు భాగమంతా, అంటే తివాచీ, పిల్లల కాళ్లు, సుబేదారు బూట్లు ఉన్న మేర, రంగు గుడారాల్లా లేచి వేలు తగిలితే రాలిపోయేలా ఉంది.

తడిసిన పటాన్ని ఎండలో పెట్టొద్దు, ఫ్యాను కింద కూడా పెట్టొద్దు. నీడలో, రంగు వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, కింద పాత పత్రికలో తువ్వాళ్లో పరిచి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ మెల్లగా ఆరనివ్వాలి. తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లో అయినా ఈ మాత్రం చేసుకోవచ్చు.

నీళ్ల సంగతి అలా ఉంచితే, మిగతా నష్టం భక్తి వల్ల వచ్చింది. పటం కింద నువ్వులనూనె దీపం, ధూపం. వాటి మసి అడుగు మూడోవంతు మీద జిగటగా పేరుకుంది. పైన దండ వేయడానికి కొట్టిన మేకు ఎప్పుడో ఊడి, కాన్వాసును చీల్చుకుంటూ పడింది. ఆ చిరుగు సరిగ్గా భార్య ఎడమ చెంప మీదుగా పోయింది. ఆపైన బొట్లు. ఆవిడ పుణ్యస్త్రీగా పోయిందట. అందుకని ప్రతి శుక్రవారం పసుపు కుంకుమ, ఆబ్దికాలప్పుడు ఇద్దరికీ గంధం, బొట్టు. ఆవిడ నుదుటి మీద పెచ్చు నాణెమంత మందాన ఉంది.

బొట్టు కెమిస్ట్రీ

ఇది ఏ పాశ్చాత్య పుస్తకంలోనూ దొరకదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పాత పద్ధతి కుంకుమ అంటే పసుపు, సున్నం. సున్నం క్షారం. తడి గంధంతో కలిసి పదే పదే అదే చోట పడితే, కింద ఆయిల్ రంగును పట్టి ఉంచే నూనె పొరను ఆ క్షారం మెల్లగా తినేస్తుంది. బొట్టు కింద రంగు పొడిబారి, చాక్‌పీసు గీసినట్టు తెల్లబారుతుంది. బజారు కుంకుమలో కృత్రిమ రంగు ఉంటుంది, అది ఇంకో రకంగా ఇంకుతుంది.

పసుపుతో ఇంకో చిక్కు. సబ్బుతో ఉతికితే చొక్కా మీది పసుపు మరక ఎర్రగా తిరుగుతుందని ప్రతి ఇంట్లోనూ తెలుసు. మసి తీయడానికి మేం వాడే ద్రావణాల్లో కొన్ని క్షార గుణం ఉన్నవే. వాటిని బొట్టు దగ్గరికి తీసుకెళ్తే పచ్చగా ఉన్న మరక ఎర్రబడి, పక్కకు కూడా పాకుతుంది. అందుకని నుదుళ్ల చుట్టూ ముందే హద్దు గీసుకుని, ఆ హద్దు లోపల క్షారం తగలకుండా పని చేశాను. పెచ్చును పొడిగానే, మైక్రోస్కోపు కింద, స్కాల్పెల్‌తో పొరలు పొరలుగా తీశాను. మిగిలిన పసుపు మరక నీటికి కదలదు, ఆల్కహాల్‌కు కదులుతుంది. చాలా భాగం వార్నిష్‌లోనే ఇంకి ఉండటంతో వార్నిష్‌తోపాటే వచ్చేసింది.

ఆ మరక ఎంతమేర పాకిందో తెలుసుకోవడానికి అతినీలలోహిత టార్చి చాలు. చీకటి గదిలో వేస్తే పసుపు ఉన్నచోటల్లా ఆకుపచ్చ కలిసిన పచ్చని వెలుగు వస్తుంది. మామూలు కంటికి నుదుటి మీదే ఉన్న బొట్టు ఆ వెలుగులో కనుబొమల కిందికి, ముక్కు దాకా కనిపించింది.

తీసిన పెచ్చును పారేయలేదు. చిన్న గాజు సీసాలో వేసి కుటుంబానికి ఇచ్చాను. నాలుగు తరాల శుక్రవారాలు అందులో ఉన్నాయి. దాన్ని చెత్తబుట్టలో వేసే హక్కు నాకు లేదనిపించింది.

ఇంటి కథ, పటం చెప్పిన కథ

కుటుంబంలో నిలిచిన మాట ఇది: 1857 గదర్ (సిపాయిల తిరుగుబాటు) రోజుల్లో రంగూన్‌లో ఒక దొర ఈ పటం వేశాడు. రంగూన్ మాట వినగానే కొట్టిపారేయలేదు. గోపాలపూర్ రేవు నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన రోజుల్లో ఈ జిల్లాలో రంగూన్ చుట్టరికం లేని వీధి ఉండేది కాదు. తేదీ మాత్రం నిలవదు.

కాన్వాసు వెనక, అడ్డుకర్ర పక్కన, దుమ్ము దులిపాక ముద్ర ఒకటి బయటపడింది. విన్సర్ అండ్ న్యూటన్, ఆ వెంటనే లిమిటెడ్ అనే మాట. లండన్‌లో ఈ రంగుల కంపెనీ 1832 నుంచీ ఉన్నా, లిమిటెడ్ కంపెనీ అయింది 1882లో. అంటే 1857లో ఈ కాన్వాసే లేదు. ఇక సుబేదారు ఛాతీ మీద ఒక వెండి పతకం, ఎర్ర రిబ్బను మీద రెండు ముదురు నీలం చారలు. అది 1854లో పెట్టిన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్. దాన్ని రకరకాల యుద్ధాలకు ఇచ్చారు. ఏ యుద్ధమో రిబ్బను మీది వెండి పట్టీ చెబుతుంది. వార్నిష్ తీశాక మైక్రోస్కోపు కింద ఆ పట్టీ మీద చివరి అంకెలు 1885–7 అని చదవగలిగాం. మూడో బర్మా యుద్ధం. మద్రాసు పటాలాలు అందులో పాల్గొన్నాయి. కాబట్టి పటం 1887 తర్వాతిది. ఇంటి కథలో రంగూన్ నిలిచింది, గదర్ పోయింది.

దొర సంగతి. ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే ఫిల్టర్ తీసేసిన మామూలు డిజిటల్ కెమెరా ఒకటి నా దగ్గర ఉంది. ఇలాంటి పనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. దాంతో తీసిన ఫోటోలో ఎర్రకోటు దాదాపు పారదర్శకమైపోయి, కింద పెన్సిల్ గళ్లు కనిపించాయి. ముఖాల మీద గళ్లు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంటే ఎదుట కూర్చోబెట్టి వేసింది కాదు, ఫోటో మీద గళ్లు గీసి వాటిని కాన్వాసు మీదికి పెంచుకుంటూ ఎక్కించారు. అందుకే సుబేదారు మీద వెలుగు ఒకవైపు నుంచీ, పిల్లల మీద ఇంకోవైపు నుంచీ పడుతోంది. వేర్వేరు ఫోటోలు కలిపారన్నమాట. చీర అంచు మాత్రం ఫోటో చూసి వేసింది కాదు, బట్టను పక్కన పెట్టుకుని వేసింది. ఆ అంచు తెలిసిన చేయి మన ప్రాంతపుదే అయి ఉంటుందని నా నమ్మకం. దొర అయితే ఆ మెట్లను గజిబిజిగా వదిలేసేవాడు.

పటం కట్టిన చెక్క చట్రం మీద తెలుగులో పెన్సిల్ రాత ఉంది: "సుబేదారు గారి కుటుంబం, బరంపురం". దాన్ని ఆ ఇంటి కుర్రాడికి చూపిస్తే "ఏం రాసుంది సార్?" అని నన్నే అడిగాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువు ఒడియా బడిలో. ఇక్కడ ఇది మామూలే.

ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. యూనిఫారాల మీద ఆసక్తి ఉన్న కుటుంబ మిత్రుడొకరు కోటు చేతి మడతలు, కాలరు పసుపు రంగులో ఉన్నాయని చూసి, పటాలం పేరు కూడా తేల్చేశారు. మద్రాసు కాల్బలం పటాలాలకు ఎర్రకోటు అందరికీ ఒకటే, మడతల రంగు వేర్వేరు, కాబట్టి పద్ధతి సరైందే. కానీ నూరేళ్లు దాటిన డామర్ (చెట్టు బంక) వార్నిష్ కింద తెలుపు పసుపుగానూ, నీలం ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. చిన్న కిటికీ అంత మేర వార్నిష్ తీసేసరికి ఆ మడతలు తెల్లగా తేలాయి. శుభ్రం చేయని పటం మీద రంగును బట్టి పటాలం తేల్చొద్దు. శుభ్రం చేశాక కూడా ఒకే రంగు చాలా పటాలాలకు ఉండేది కాబట్టి రిపోర్టులో నేను పటాలం పేరు రాయలేదు.

మెడలో నక్షత్రం

ఇప్పుడు అసలు విషయం. సుబేదారు మెడలో ముదురు ఎర్ర రిబ్బనుకు బంగారు నక్షత్రం వేలాడుతోంది. ఇది ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా. ఈస్టిండియా కంపెనీ 1837లో పెట్టిన ఈ గౌరవం దీర్ఘకాలం మచ్చలేకుండా పనిచేసిన భారతీయ అధికారులకే. మొదటి తరగతి వచ్చినవాళ్లు సర్దార్ బహద్దూర్, రెండో తరగతి వచ్చినవాళ్లు బహద్దూర్. రిబ్బను మొదట లేత నీలంగా ఉండేదట, మనవాళ్ల తలనూనె అంటుకుని మాసిపోతోందని మరుసటి ఏడే ముదురు ఎరుపుకు మార్చారని చెబుతారు. ఇంటికి బహద్దూర్ గారి ఇల్లనే పేరు వచ్చింది ఈ నక్షత్రంతోనే.

అతినీలలోహిత వెలుగులో చూస్తే నక్షత్రం, దాని రిబ్బను చుట్టూ ఉన్న కోటు కంటే వేరుగా, నల్లగా కనిపించాయి. ఆవగింజలో సగం కూడా లేని రంగు ముక్క తీసి, రెజిన్‌లో పోసి, నిలువుకోత చూశాం. అడుగున తెల్ల పూత, దాని మీద కోటు ఎరుపు, ఆపైన వార్నిష్ పొర, వార్నిష్ మీద సన్నని మురికి గీత, ఆ గీత మీద నక్షత్రం పసుపు. అంటే పటం పూర్తయి, వార్నిష్ పట్టి, గోడ మీద కొన్నేళ్లు దుమ్ము తిన్నాక నక్షత్రం వేశారు. రంగులో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్షలో నక్షత్రం మెరుపుల్లోని తెలుపులో సీసం ఉంది, టైటానియం లేదు, అంటే పాతకాలపు తెలుపే. గీసిన చేయి కూడా దాదాపు అదే చేయి, పతకాల అంచుల్లో మెరుపు చుక్క పెట్టే పద్ధతి రెండింటిలో ఒకటే.

నాకు అర్థమైంది ఇది. పటం వేయించుకున్నాక ఆయనకు బిరుదు వచ్చింది. చిత్రకారుణ్ని మళ్లీ పిలిపించి మెడలో వేయించుకున్నాడు. ఇది మరమ్మతు కాదు, కల్తీ అంతకంటే కాదు. బతికున్న మనిషి తన పటాన్ని తనే పూర్తి చేయించుకున్నాడు. దీన్ని తీసేసి "అసలు" పటం చూపిస్తానంటే, ఆ ఇంటి పేరునే చెరిపేసినట్టు.

ఉంచాలని నిర్ణయించుకోవడం తేలిక. అలా ఉంచుతూ పటాన్ని శుభ్రం చేయడమే కష్టం. నక్షత్రం నిలబడింది పాత వార్నిష్ మీద. చుట్టూ వార్నిష్ తీయడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వైట్ స్పిరిట్ మిశ్రమం ఆ పొరలోకి పాకితే నక్షత్రం కింద నేల కరిగిపోయి పైది జారిపోతుంది. అందుకని నక్షత్రం చుట్టూ వేలెడు మేర ద్రావకమే వాడలేదు. ఆ మేర పైమురికి మాత్రం ఉమ్మితో తడిపిన దూది పుల్లతో తీసి ఆపేశాను. ఉమ్మి అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. అందులోని ఎంజైములు పనిచేసినంత మెత్తగా ఈ మురికి మీద ఇంకేదీ పనిచేయదు. హద్దు కనబడకుండా వార్నిష్ మందాన్ని బయటికి పోయేకొద్దీ క్రమంగా పలచన చేసుకుంటూ వెళ్లాను. దగ్గర నిలబడి చూస్తే నక్షత్రం చుట్టూ కోటు మిగతా చోటికంటే ఒక వన్నె పసుపుపచ్చగా ఉంటుంది. ఉండనీ అనుకున్నాను. కోటు మడతల నీడల్లో పూసిన పలచని లక్క ఎరుపు కూడా ఆల్కహాల్‌కు కదిలింది కాబట్టి అక్కడా వార్నిష్‌ను పూర్తిగా తీయలేదు.

తాతమ్మ ముఖం

రెండోది భార్య ముఖం. మేకు చీల్చిన చెంపను అరవైల్లోనో డెబ్బైల్లోనో నాటకాల తెరలు వేసే పెయింటరు చేత బాగు చేయించారని ఇంట్లో చెప్పారు. ఆయన చెంపతో ఆగలేదు, ముఖమంతా కొత్తగా వేసేశాడు. క్యాలెండర్ లక్ష్మీదేవి కళ్లు, గులాబీ పెదాలు, నున్నని తెల్లని బుగ్గలు. ఆయన చేతిలో మంచి పనితనం ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. రంగు మాత్రం ఇంటి తలుపులకు వేసే ఎనామెల్. పరీక్షలో టైటానియం తెలుపు వచ్చింది. ఆ తెలుపు 1920ల ముందు రంగుల్లో ఉండదు, కాబట్టి సుబేదారుకూ దీనికీ సంబంధం లేదు.

తీయొచ్చా అన్నది ముందు సాంకేతిక ప్రశ్న. నిలువుకోతలో ఇక్కడ కూడా ఎనామెల్ కింద పాత వార్నిష్, మసి ఉన్నాయి. ఆ కింద అసలు ముఖం చాలావరకు భద్రంగా ఉంది. నక్షత్రం దగ్గర నాకు టెన్షన్ పెట్టిన ఆ వార్నిష్ పొరే ఇక్కడ నన్ను కాపాడింది. ఎనామెల్ అసలు రంగును పట్టుకోలేదు, మధ్యలో ఉన్న మసినే పట్టుకుంది. జెల్‌తో కాస్త మెత్తబరిస్తే స్కాల్పెల్ మొనకు పెళ్లలుగా లేచొచ్చింది.

కానీ తీయాలా అన్నది ఇంకో ప్రశ్న. ఆ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉన్నారు. సుబేదారు ఆవిడకు ముత్తాత. ఆవిడ సూటిగా అడిగారు: "ఇన్నేళ్లుగా ఈ ముఖానికే దండం పెట్టుకున్నాను నాయనా. నువ్వది తుడిచేసి ఇంకో ముఖం చూపిస్తే, ఆవిడెవరో నాకెలా తెలుస్తుంది?"

ఇది మొండితనమని నేను అనుకోలేదు. యాభై ఏళ్లు పూజలందుకున్న ముఖం అది. వయసును లెక్క చేసుకుంటే నక్షత్రం పాతది, ముఖం కొత్తది, అంతే తేడా అని వాదించేవాళ్లూ ఉంటారు. నా దృష్టిలో వయసు ముఖ్యం కాదు. నక్షత్రం కింద ఉన్నది ఉత్త కోటు. అది మూసుకుపోతే ఎవరూ నష్టపోలేదు. ఎనామెల్ కింద ఉన్నది ఒక మనిషి ముఖం, ఇంకా చెడిపోకుండా ఉన్న ముఖం. నక్షత్రం సుబేదారు గురించి నిజం చెబుతోంది. క్యాలెండర్ ముఖం ఆ భార్య గురించి ఏమీ చెప్పడం లేదు. అయినా పటం నాది కాదు. ఆవిడ కాదంటే ముఖాన్ని అలాగే వదిలేసి, మిగతా పని పూర్తి చేసేవాణ్ని. ఆ మాటే ఆవిడతో చెప్పాను.

గడ్డం దగ్గర గోరంత మేర మాత్రం తీసి చూపించడానికి ఒప్పుకున్నారు. తీస్తే నీలం కలిసిన నల్ల చుక్కలు మూడు బయటపడ్డాయి. మొదట బూజు మచ్చలనుకుని మైక్రోస్కోపు జరిపాను. కాదు, కుంచెతో పెట్టిన చుక్కలు. పెద్దావిడను కుర్చీతో సహా దగ్గరికి తెచ్చి చూపించారు. "మా నాయనమ్మ చెప్పేది, వాళ్లత్తగారి గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేదని" అన్నారు. ఆ తర్వాత తీయొద్దని అనలేదు. ఎనామెల్ ముఖాన్ని పెద్ద సైజులో ఫోటో తీయించి ఫ్రేము కట్టించి ఇచ్చాం. ఇప్పుడు ఆవిడ దండం పెట్టుకునేది ఆ ఫోటోకే, పటానికి కాదు. అది ఆవిడ ఇష్టం.

ముఖం పూర్తిగా తేలాక చూస్తే ఆవిడ ఛామనఛాయ మనిషి, నలభైకి దగ్గర్లో, కళ్ల కింద నలుపు. ఎడమ చెంపలో చిరుగు పోయిన మేర రంగు పూర్తిగా పోయింది. అక్కడ ఊహించి వేయలేదు. సుద్ద, జెలటిన్ కలిపి పూడ్చి, సన్నని నిలువు గీతలతో రంగు నింపాను. రోమ్‌లోని పునరుద్ధరణ సంస్థ 1940ల్లో రూపొందించిన పద్ధతి ఇది. నాలుగడుగుల దూరం నుంచి చెంప నిండుగా కనిపిస్తుంది, దగ్గరికొస్తే గీతలు కనిపించి, ఇది తర్వాతి చేయి అని ఒప్పుకుంటాయి. అడుగున తివాచీ, బూట్లు ఇంత పట్టింపు అక్కర్లేని చోట్లు. మామూలుగానే పూర్తి చేశాను, అవసరమైతే రేపు తుడిచేయగలిగే రంగులతో.

కాన్వాసు పని

క్రమం ప్రకారం ఇది ముందు జరిగింది. లేచిన రంగును జపనీస్ పల్చని కాగితం, పలచని చేప జిగురుతో అణచి, స్వల్ప వేడితో, బరువులతో కూర్చోబెట్టే వరకు పటాన్ని ఆ ఇంటి నుంచి కదల్చలేదు. బరంపురం వీధుల్లో ఆటో కుదుపులకు సగం తివాచీ రాలిపోయేది. వెనక బూజును మెత్తటి బ్రష్షుతో వదిలించి, వాక్యూమ్‌తో లాగేశాం.

కొత్త కాన్వాసు వెనక అతికించమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు మన దేశంలో మైనం, రెజిన్ కరిగించి అలా అతికించడం రివాజు. ఈ వేడికి ఆ మైనం మెత్తబడి దుమ్ము పట్టేస్తుంది, రంగులను నలుపు చేస్తుంది, మళ్లీ తీయడం నరకం. పైగా వెనకున్న కంపెనీ ముద్ర శాశ్వతంగా మూసుకుపోతుంది. పటం వయసు చెప్పింది ఆ ముద్రే కదా. కాన్వాసు మధ్యలో గట్టిగానే ఉంది, అంచులే చివికాయి. కాబట్టి అంచులకు మాత్రం పాలిస్టర్ బట్ట పట్టీలను వేడికి అతుక్కునే బీవా 371 జిగురు ఫిల్మ్‌తో అతికించి చట్రానికి బిగించాను. చిరుగును పోగు పోగు కలిపి మూశాను.

గోడ మీదికి తిరిగి వెళ్లాక

దీపం మానేయమని చెప్పి ప్రయోజనం లేదు, చెప్పే హక్కూ నాకు లేదు. టేకు ఫ్రేములో చెదలు తిన్న మూల మార్చి, ముందు అక్రిలిక్ అద్దం, వెనక బోర్డు బిగించాం. బొట్టు ఇప్పుడు అద్దం మీద పెడతారు, తుడవొచ్చు. దండకు కొక్కెం ఫ్రేముకే ఉంది. దీపాన్ని రెండడుగులు పక్కకు జరిపారు. పటాన్ని బయటి గోడ నుంచి లోపలి గోడకు మార్చి, వెనక కార్కు ముక్కలు పెట్టి గాలి ఆడేలా చేశాం. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్లో వానాకాలం బయటి గోడ చెమ్మగిల్లుతూనే ఉంటుంది. ఇదంతా ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రకు ముందే పూర్తి కావాలని కుటుంబం పట్టుబట్టింది. రెండేళ్లకోసారి వచ్చే ఆ యాత్రకు ఇల్లంతా చుట్టాలే, అందరూ చూడాలి కదా.

పని జరుగుతుండగా అమెరికాలో ఉన్న మనవడు పటాన్ని తనతో తీసుకెళ్తానన్నాడు. కుదరదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చిత్రాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. బట్ట మీద వేసిన పాత చిత్రాలు పురావస్తు శాఖ దగ్గర రిజిస్టరు చేయాల్సిన జాబితాలో ఉన్నాయి. ఆ దరఖాస్తుకు కావాల్సిన ఫోటోలు, కొలతలు మా రిపోర్టులోంచే తీసి ఇచ్చాం. ఎంత ధర పలుకుతుందన్న ప్రశ్నకు మాత్రం నేను జవాబు ఇవ్వను. బాగు చేసినవాడే ధర కూడా కడితే ఆ రెండు పనుల్లో ఒకటి చెడుతుంది.

వెనక బోర్డు లోపలి వైపు తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కాగితం అతికించాను. వాడిన జిగురు, రంగులు, వార్నిష్ పేర్లు అందులో ఉన్నాయి. చెంప మీది గీతలు నావని, నక్షత్రం పాత వార్నిష్ మీద నిలబడి ఉంది కాబట్టి దాని చుట్టూ వేలెడు దూరంలో ఆల్కహాల్ వాడొద్దని రాశాను. ఏటా వానలు వెనకబట్టాక బోర్డు విప్పి, బూజు ఉందేమో చూసి మళ్లీ బిగించే పని ఆ ఇంటి కుర్రాడు ఒప్పుకున్నాడు. ఒడియాలో రాసింది అతని కోసమే.